వాళ్ళు వెళ్ళిపోలేదు: కేదైన్యై గురించి ఒక పేచీ

ఈమధ్య ఒక స్నేహితుడు వాట్సాప్‌లో ఒక ట్రావెల్ వీడియో పంపించాడు. కింద "మీ పక్క ఊరే కదా, చూశావా?" అని రాశాడు. పక్క ఊరంటే లిథువేనియాలో నేనుండే కౌనస్‌కి ఉత్తరంగా యాభై కిలోమీటర్లు. పేరు కేదైన్యై. నెవేజిస్ నది ఒడ్డున, పాతికవేల లోపు జనాభాతో ఉంటుంది. మన లెక్కలో ఓ మండల కేంద్రం. లిథువేనియా లెక్కలో మాత్రం నగరమే, అదీ 1590లోనే సొంత పాలన హక్కులు తెచ్చుకున్న నగరం.

వీడియో బాగానే తీశారు. పైనుంచి డ్రోన్‌లో ఎర్ర పెంకుల ఇళ్ళు, నది మలుపు, రాళ్ళు పరిచిన వీధులు, పార్కులో మినార్, రద్విలా ప్రభువుల శవపేటికలు, పక్కపక్కనే రెండు సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), ప్లేట్లో దోసకాయలు. చివర్లో వీడియో తీసిన అబ్బాయి హుషారుగా చెప్పిన మాటల సారాంశం ఇదీ: ఒకప్పుడు ఇక్కడ లిథువేనియన్లు, పోలిష్ వాళ్ళు, జర్మన్లు, స్కాట్లాండ్ వాళ్ళు, యూదులు, రష్యన్లు కలిసిమెలిసి బతికారు; కాలం మారింది, చాలామంది వెళ్ళిపోయారు; వాళ్ళ గుర్తుల్ని ఊరు భద్రంగా దాచుకుంది.

సరిగ్గా అక్కడే నా పేచీ. గుర్తులు దాచుకోవడం మంచిదే. ఇప్పుడు లేనివాళ్ళ కట్టడాలు చూపించి ఒక చిన్న ఊరు టూరిస్టుల్ని రప్పించుకుంటే నాకు అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఎవరు ఎలా పోయారో చెప్పకుండా అందర్నీ ఒకే వరుసలో నిలబెట్టి సాగనంపేస్తే, ఆ కట్టడాల్ని మనం చూసినట్టా, చూడనట్టా? ఈ ప్రశ్న ఏ ఊళ్ళోనైనా వస్తుంది. కేదైన్యైలో ఇంకా గట్టిగా వస్తుంది, ఎందుకంటే ఈ ఊరికి బయట ఉన్న పేరంతా అలా పోయినవాళ్ళ మీదే నిలబడి ఉంది.

పెళ్ళిళ్ళలో కలిసిపోయినవాళ్ళు

1614లో ఊరు రద్విలాల చేతికొచ్చింది. వాళ్ళు కాల్వినిస్టులు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశంలో ప్రొటెస్టెంట్ ప్రభువులన్నమాట. వాళ్ళకి కావలసింది పనితనం తెలిసిన జనం, పన్ను కట్టగలిగే జనం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు మొక్కుకోండి, సరుకు మాత్రం ఇక్కడ అమ్మండి అన్నట్టు ఉండేది వాళ్ళ పద్ధతి. జర్మన్ లూథరన్లు వచ్చారు, యూదులు వచ్చారు, స్కాట్లాండ్ నుంచి కాల్వినిస్టు వర్తకులు వచ్చారు. పేటలు పెరిగాయి, వాటితోపాటు సంత మైదానాలూ పెరిగాయి. ఒక దశలో ఆరు ఉండేవి, నాలుగు ఇప్పటికీ నిలిచాయి. దీన్నంతా ఇప్పుడు పరమత సహనం అంటారు. నాకైతే అందులో సగం వ్యాపారమే కనిపిస్తుంది. అయినా, మతం పేరుతో యూరప్ ముప్ఫై ఏళ్ళపాటు యుద్ధం చేసుకుంటున్న కాలంలో, వ్యాపారం కోసమైనా పక్కవాణ్ణి బతకనివ్వడం చిన్న విషయం కాదు.

స్కాట్లాండ్ వర్తకుల ఇళ్ళు పెద్ద సంత చుట్టుపక్కల ఉన్నాయి. అండర్సన్ ఇల్లు, ఆర్నెట్ ఇల్లు అని కుటుంబాల పేర్లతోనే పిలుస్తారు. వీళ్ళు తలదాచుకోవడానికి వచ్చి మూల కూర్చున్నవాళ్ళు కాదు. నగర పాలక మండలిలో కూర్చున్నారు, ఊరి లెక్కలు చూశారు. ఆ తర్వాత ఏమయ్యారు? ఏమీ కాలేదు. వర్తకం తగ్గింది, కొందరు వేరే ఊళ్ళకి మారారు, మిగిలినవాళ్ళు ఇక్కడి పిల్లల్ని పెళ్ళి చేసుకున్నారు. పేర్లకు లిథువేనియన్ తోకలు తగిలాయి. మూడు నాలుగు తరాల్లో వాళ్ళూ ఊరివాళ్ళే అయిపోయారు. ఆర్నెట్ ఇంట్లో ఇప్పుడు సంప్రదాయ చేతిపనుల కేంద్రం నడుస్తోంది. ఊళ్ళో ఒక కేఫ్‌లో కాఫీ ఇచ్చిన అమ్మాయి, నేను స్కాట్లాండ్ వాళ్ళ గురించి అడిగితే, "మా నాయనమ్మది ఎర్ర జుట్టు, ఎవరికి తెలుసు" అని నవ్వేసింది.

అలా నవ్వుతూ చెప్పుకోగలగడం పెద్ద విషయమే. పోయినవాళ్ళు తన రక్తంలోనే ఉన్నారేమో అని ఒక ఊరు సరదాగా అనుకోగలిగిందంటే, ఆ పోవడంలో గాయం లేదని అర్థం.

జర్మన్ల సంగతి అంత తేలిక కాదు. 1941 మొదట్లో, హిట్లర్ ప్రభుత్వానికీ స్టాలిన్ ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం లిథువేనియా నుంచి యాభైవేల మంది దాకా జర్మనీకి తరలిపోయారు. తరాల తరబడి ఉన్న ఇల్లు వదిలి, సామాన్లు కట్టుకుని రైలెక్కారు. ఇష్టపడి వెళ్ళారా, భయపడి వెళ్ళారా అంటే ఒక్కో ఇంటిదీ ఒక్కో కథ. పోలిష్ కుటుంబాల్లో చాలావాటికి యుద్ధం అయ్యాక అదే జరిగింది. కానీ వాళ్ళు వెళ్ళారు. వెళ్ళి ఇంకోచోట బతికారు, పిల్లల్ని కన్నారు. ఆ పిల్లల పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడూ పాత ఫొటో పట్టుకుని వచ్చి, ఫలానా ఇల్లు ఎక్కడ అని అడుగుతారు.

మినార్ మీద ప్రేమకథ

మా బావమరిది జర్మనీలో చదువుకుంటున్నాడు. సెలవులకి మా దగ్గరికి వస్తే కేదైన్యై తీసుకెళ్ళాను. పార్కులో చెట్ల మధ్య మినార్ చూడగానే ఆగిపోయాడు.

"మసీదు ఎక్కడుంది బావా?"

"లేదు."

"పడగొట్టేశారా?"

"ఎప్పుడూ లేదు."

"మసీదే లేనప్పుడు మినార్ ఎవరికోసం?"

వాడి ప్రశ్నే సరైనది. లిథువేనియాలో ముస్లింలు లేక కాదు. గ్రాండ్ డ్యూక్ వితౌతస్ కాలం నుంచి, అంటే ఆరువందల ఏళ్ళకు పైగా తాతార్లు ఇక్కడ ఉన్నారు. పల్లెల్లో వాళ్ళ చెక్క మసీదులు చూడటానికి మామూలు ఇళ్ళలాగే ఉంటాయి. మా కౌనస్‌లో 1930ల్లో కట్టిన ఇటుక మసీదులో ఇప్పటికీ నమాజు జరుగుతుంది. కేదైన్యై మినార్‌కి వాళ్ళతో ఏ సంబంధమూ లేదు. దాన్ని 1880లో కట్టించింది ఎదువార్ద్ తోత్లెబెన్ అనే రష్యన్ సామ్రాజ్య జనరల్. క్రిమియా యుద్ధంలో సెవస్తోపోల్ కోటగోడల్ని పటిష్టం చేసిన ఇంజనీరు ఆయనే. 1877లో టర్కీతో యుద్ధంలో ప్లెవ్నా ముట్టడిని ముగింపుకి తెచ్చింది కూడా ఆయనే. ఊరిని తిండి అందకుండా దిగ్బంధం చేసి లొంగదీశాడు. లొంగిపోయిన టర్కీ సైనికుల్లో వేలమంది మంచులో నడుస్తూ రాలిపోయారు.

అంటే మన ముందున్నది యుద్ధంలో గెలిచినాయన తన తోటలో పెట్టుకున్న జ్ఞాపిక. ఆ తోట ఆయనకి ఎలా వచ్చింది అన్నది ఇంకో కథ. ఈ ఎస్టేటు అంతకుముందు చాప్స్కీ వంశానిది. రష్యన్ పాలన మీద 1863లో జరిగిన తిరుగుబాటు తర్వాత జార్ ప్రభుత్వం యజమానిని సైబీరియాకి పంపి, ఆస్తి జప్తు చేసింది. 1866లో అది తోత్లెబెన్ చేతికొచ్చింది. ఆ జమీందారీ భవనం 1944లో తగలబడిపోయింది. మినార్ మిగిలింది.

ఊళ్ళో ఎవర్నడిగినా మాత్రం ఇదంతా చెప్పరు. జనరల్‌గారికి ఒక టర్కీ అమ్మాయంటే ప్రాణమట, ఆమె కోసం కట్టించాడట అంటారు. జప్తు, సైబీరియా, ప్లెవ్నా మంచు అన్నీ ఒక్క ప్రేమకథ కింద చక్కగా సర్దుకున్నాయి. మా వాడికి ఆ కథే నచ్చింది, ఫొటోకి క్యాప్షన్ కూడా అదే పెట్టుకున్నాడు. నాకూ పెద్దగా అభ్యంతరం లేదు. ఈ అబద్ధం వల్ల ఇప్పుడు నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఊరి మనసు ఎలా పనిచేస్తుందో ఇక్కడ అర్థమైంది. కట్టడం ఉండాలి, దాని చుట్టూ కథ తియ్యగా ఉండాలి.

పాత సంత దగ్గర

పాత సంత మైదానంలో రెండు సినగాగులు పక్కపక్కనే ఉంటాయి. పెద్దది వేసవిలో వాడేవాళ్ళు, చిన్నది చలికాలంలో. పెద్ద హాలును వెచ్చగా ఉంచడం కష్టం కాబట్టి ఈ ఏర్పాటు. 1897 జనాభా లెక్కల నాటికి ఈ ఊళ్ళో సగానికి పైగా యూదులే. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే వీడియోలోని ఆ వరుస అక్కడికక్కడే కూలిపోతుంది. "ఇక్కడ యూదులు కూడా ఉండేవారు" అనడం ఎలా కుదురుతుంది? సగం మందికి మించి ఉన్నవాళ్ళు ఊళ్ళో "కూడా" ఉన్నవాళ్ళు కారు, వాళ్ళే ఊరు. విల్నియస్ గావోన్ అని యూదు ప్రపంచమంతా గౌరవించే పండితుడు చిన్నప్పుడు ఇక్కడికి వచ్చే చదువుకున్నాడు. బజారు, గుర్రపు బండ్లు, కుట్టుపని, కూరగాయల తోటలు చాలావరకు వీళ్ళ చేతుల మీదే నడిచాయి.

పెద్ద సినగాగులో ఇప్పుడు పిల్లల చిత్రకళా పాఠశాల ఉంది. చిన్నదానిలో 2002 నుంచి బహుళ సంస్కృతుల కేంద్రం నడుస్తోంది. ప్రదర్శనలు, సంగీత సభలు, ఉపన్యాసాలు జరుగుతాయి. ఇలా వాడుకోవడం సరైనదేనా అని నేను చాలాకాలం తేల్చుకోలేకపోయాను. ప్రార్థన చేసుకునేవాళ్ళని చంపేసి, ఆ ప్రార్థనా స్థలంలో రంగులు కలపడం ఏమిటి అని మొదట అనిపించింది. ఒక సాయంత్రం పిల్లలు డ్రాయింగ్ అట్టలు చంకన పెట్టుకుని అరుచుకుంటూ బయటికొస్తుంటే చూశాను. తాళం వేసి, కప్పు కూలిపోయి, లోపల పిచ్చిచెట్లు మొలిచిన సినగాగులు ఈ ప్రాంతంలో కొన్ని చూశాక, ఈ గోలే నయం అనిపించింది. గోడలు నిలబడ్డాయి. వాటి గురించి అడిగే అవకాశం కూడా వాటితోపాటు నిలబడింది.

కాబట్టి నా పేచీ చిత్రకళా పాఠశాలతో కాదు. దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని, వాళ్ళు వెళ్ళిపోయారు అనుకుని కారెక్కేయడంతో.

దౌక్ష్యై

1941 జూన్ చివర్లో జర్మన్ సైన్యం వచ్చింది. వేసవి గడిచేలోగా కేదైన్యై యూదుల్నీ, చుట్టుపక్కల షేతా, జేమ్యై లాంటి చిన్న ఊళ్ళ యూదుల్నీ ఒకచోటికి తోలుకొచ్చి, గుర్రాల పెంపకం కేంద్రపు కొట్టాల్లో కుక్కారు. ఆగస్టు 28న దౌక్ష్యై అనే పల్లె దగ్గర తవ్వించిన పెద్ద గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కాల్చి చంపారు. ఆజ్ఞ జర్మన్లది. తుపాకులు పట్టిన చేతుల్లో స్థానిక లిథువేనియన్లవి కూడా ఉన్నాయి.

ఎంతమంది అన్నదానికి వాదన అక్కర్లేదు. చంపించినవాళ్ళే లెక్క రాసుకున్నారు. కౌనస్‌లో కూర్చుని ఈ పనులు నడిపించిన కార్ల్ యేగర్ అనే నాజీ ఎస్ఎస్ దళపు అధికారి 1941 డిసెంబరు 1న పైవాళ్ళకి పంపిన నివేదికలో తేదీల వారీగా, ఊళ్ళ వారీగా పట్టిక ఉంది. అందులో కేదైన్యై వరుసలో: మగవాళ్ళు 710, ఆడవాళ్ళు 767, పిల్లలు 599, మొత్తం 2,076. సరుకు నిల్వల రిజిస్టరులా కూడిక తప్పు లేకుండా ఉంటుంది. నేను ఉద్యోగంలో రోజూ చూసే స్ప్రెడ్‌షీట్లకీ దీనికీ కాలమ్‌ల తీరులో తేడా లేదు. ఆ పట్టిక చదివిన రోజు నాకు ఆఫీసులో పని సాగలేదు.

గొయ్యి అంచున ఒకతను తిరగబడ్డాడు. ష్లాపోబెర్‌స్కీ అని పేరు. చంపడానికి వచ్చినవాళ్ళలో ఒకణ్ణి తనతోపాటు గొయ్యిలోకి లాగేశాడని చెబుతారు. ఎలా లాగాడు, ఎవర్ని లాగాడు అన్న దగ్గర చెప్పేవాళ్ళ కథలు ఒకదానితో ఒకటి కలవవు. తిరగబడ్డాడన్న దగ్గర మాత్రం అన్నీ కలుస్తాయి. ఒక ఊరికి వీరుడు కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? ఆ వీడియోలో మినార్ ప్రేమకథకి దాదాపు నిమిషం ఇచ్చారు. ఈయన ఊసే లేదు.

ఊరికి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. దౌక్ష్యై దగ్గర స్మారకం ఉంది, చనిపోయినవాళ్ళ పేర్లూ అక్కడ కనిపిస్తాయి. ఆ పేర్లు వెతికి పోగుచేయడంలో ఊరి మ్యూజియం వాళ్ళ కష్టం ఉంది. లిథువేనియాలో ఎన్నో ఊళ్ళు సంఖ్య దగ్గరే ఆగిపోయాయి, కేదైన్యై పేర్ల దాకా వెళ్ళింది. అంటే ఊరికి తెలియక కాదు, చెప్పడానికి మనసు రాకా కాదు. తెలిసిన విషయం పాత సంత నుంచి టూరిస్టు ఫోన్‌లోకి చేరేలోపు ఎక్కడో జారిపోతోంది. గొయ్యి ఊరి బయట ఉంది, నడిచే దారిలో లేదు, అక్కడ కాఫీ దొరకదు. చూడాల్సిన స్థలాల జాబితాలు నడక దూరాన్ని బట్టి తయారవుతాయి.

ఒక రాకుమారుడి చావు

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది కాల్వినిస్టు చర్చి. 1631లో మొదలుపెట్టి 1652లో పూర్తిచేశారు. తెల్లటి గోడలు, లోపల దాదాపు ఏ అలంకారమూ లేని పెద్ద హాలు. కింద నేలమాళిగలో ఆరు శవపేటికలు ఉన్నాయి. ఒకటి క్రిస్తుపస్ రద్విలాది, ఇంకోటి ఆయన మనవడు యోనూషస్‌ది. మిగతా నాలుగూ యోనూషస్ తోబుట్టువులవి, పసితనంలోనే పోయిన పిల్లలు. చిన్న చిన్న పేటికలు.

యోనూషస్ రద్విలా 1655లో, ఒకవైపు రష్యన్ సైన్యం రాజధాని విల్నియస్‌ని పట్టుకుంటే, ఇంకోవైపు స్వీడన్ రాజుతో ఈ ఊళ్ళోనే ఒప్పందం చేసుకున్నాడు. పోలండ్‌తో ఉన్న బంధం తెంచేశాడు. ఆ ఏడాది చివరి రోజున, తీకోచిన్ కోటలో ముట్టడి మధ్య చనిపోయాడు. పోలండ్ వాళ్ళకి ఆయన ద్రోహి. లిథువేనియాలో చాలామందికి దేశాన్ని కాపాడుకోవాలని ఆఖరి ప్రయత్నం చేసినవాడు. నేలమాళిగలో గైడ్ ఈ రెండు వైపులూ ఓపిగ్గా చెప్పింది. ఎక్కడ చనిపోయాడో, ఏ పరిస్థితుల్లో చనిపోయాడో, విషప్రయోగం అన్న పుకారు ఎందుకు పుట్టిందో అన్నీ చెప్పింది. ఎవరో పోలిష్ పెద్దాయన అడ్డుపడి వాదించాడు కూడా. గైడ్ తగ్గలేదు.

ఆ వాదన వింటుంటే నాకు ముచ్చటేసింది. 370 ఏళ్ళ కిందట చనిపోయిన ఒక్క ప్రభువు చావుకి ఇంత వివరం, ఇంత పట్టుదల. ఎవరు బాధ్యులు, ఎవరు ద్రోహులు అని గుంపులో అపరిచితులు కూడా పోట్లాడుకుంటున్నారు. ఇదే ఓపిక, ఇదే పోట్లాట పాత సంత దగ్గర కూడా చూడాలని ఉంది నాకు. ఎనభై ఏళ్ళ కిందటి విషయం 370 ఏళ్ళ కిందటి దానికంటే మసకగా ఎందుకుండాలి? బహుశా దగ్గరిది కాబట్టే మసక. రద్విలా ఇంట్లో ఇప్పుడు ఎవరూ కాపురం ఉండటం లేదు.

నాకు వినిపించిన ఎదురు మాటలు

ఆఫీసులో ఒక పెద్దావిడతో ఈ విషయం మాట్లాడితే ఆవిడ వెంటనే అడిగింది: "మా అమ్మమ్మ సంగతి ఎవరు చెబుతారు?" వాళ్ళ అమ్మమ్మని 1941 జూన్‌లో, దౌక్ష్యైకి రెండు నెలల ముందు, సోవియట్ వాళ్ళు పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి సైబీరియా పంపారు. ఆ ఒక్క విడతలోనే లిథువేనియా నుంచి పదిహేడువేల మందికి పైగా పోయారు, వాళ్ళలో యూదులూ ఉన్నారు. తిరిగొచ్చినవాళ్ళు యాభై ఏళ్ళు ఆ మాట పైకి అనలేదు. అనే వీలొచ్చాక, ముందు తమ కన్నీళ్ళు చెప్పుకున్నారు. నేనైనా అదే చేసేవాణ్ణి. ఆవిడకి నేను ఏం జవాబు చెప్పాను అంటే, ఏమీ చెప్పలేదు. తర్వాత ఆలోచిస్తే తోచింది ఒకటి: ఆవిడ కూడా నా మాటే అంటోంది. తన అమ్మమ్మ "వెళ్ళిపోయింది" అని ఎవరైనా అంటే ఆవిడ ఊరుకోదు.

రెండో మాట మా వాళ్ళదే. ఇక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా కౌనస్‌లో మెడిసిన్ చేసేవాళ్ళు, కలిసినప్పుడు ఈ టాపిక్ వస్తే ఒకబ్బాయి మొహమాటం లేకుండా అనేశాడు: "అన్నా, మనం ఇక్కడికి బతకడానికి వచ్చాం, వాళ్ళ చరిత్రలో తప్పులు పట్టడానికి మనమెవరం?" ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. వీసా మీద ఉన్నవాడికి ఊరి గతం గురించి తీర్పులివ్వాలంటే కాస్త టెన్షనే. కానీ ఇక్కడ తీర్పివ్వాల్సిన పనేమీ లేదు. తీర్పులు ఇక్కడివాళ్ళే ఇచ్చుకుంటున్నారు. 2011లో లిథువేనియా పార్లమెంటు యూదు సమాజపు ఉమ్మడి ఆస్తులకి పరిహారంగా 12 కోట్ల 80 లక్షల లితాలు (అప్పటి లిథువేనియా కరెన్సీ) ఇవ్వాలని చట్టం చేసింది. అది చాలా, చాలదా అన్న గొడవ ఉండనే ఉంది. నేను అడిగేది అంతకంటే చాలా చిన్నది. ఊరివాళ్ళే ఒప్పుకుని, రాసి, పేర్లు కూడా పెట్టుకున్న నిజాన్ని, చూడటానికి వచ్చిన మనం మధ్యలో మింగేయకుండా ఉంటే చాలు.

మూడో మాట మా ఆవిడది. సెలవురోజు పిల్లల్ని తీసుకుని సరదాగా ఒక ఊరు చూడ్డానికి వెళితే అక్కడ కూడా శవాల లెక్కలేనా అంటుంది. దీనికి మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి 599 అన్న అంకె చెప్పాలా? ఎప్పుడు చెప్పాలి? అందమైన ఊరిని అందంగా చూసే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇక్కడికి దగ్గర్లోని షెతేన్యై పల్లెలో 1911లో పుట్టిన కవి చెస్లావ్ మిలోష్ నెవేజిస్ ఒడ్డుని జీవితమంతా తలుచుకుంటూనే ఉన్నాడు. యూరప్ శిథిలమవడం కళ్ళారా చూసినవాడు, నోబెల్ అందుకున్నవాడు, ఆయనకి కూడా ఈ నది అందంగానే గుర్తుంది. ఆ వంకర నది ఒడ్డున వేసవి సాయంత్రం నడిస్తే ఎందుకో అర్థమవుతుంది.

తెల్ల కొండలు

పోయినవాళ్ళ కట్టడాల గురించే ఇంతసేపు మాట్లాడాను. ఉన్నవాళ్ళకీ ఇక్కడ ఒక గుర్తుంది, దాన్ని ఏ వీడియోలోనూ ప్రేమగా చూపించరు. ఊరి శివార్లలో చదునైన పొలాల మీద ఉన్నట్టుండి తెల్లటి కొండలు లేస్తాయి. లిథువేనియాలో కొండలు అరుదు కాబట్టి దూరం నుంచి మంచు పర్వతాలా అని అనుమానం వస్తుంది. అది ఫాస్ఫోజిప్సం. 1960ల్లో వచ్చిన ఎరువుల కర్మాగారం వదిలిన వ్యర్థం. ఒక టన్ను ఫాస్ఫారిక్ యాసిడ్ తీస్తే సుమారు ఐదు టన్నుల జిప్సం మిగులుతుంది, దాన్ని ఏళ్ళ తరబడి పోస్తూ పోతే కొండలవుతాయి. స్థానికులు ఎగతాళిగా ఆల్ప్స్ అంటారు. సోవియట్ కాలంలో ఆ కర్మాగారం కోసం, దాని చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల కోసం వచ్చినవాళ్ళ పిల్లలే ఇప్పటి ఊరిలో పెద్ద భాగం. వాళ్ళకి పాత సంత గురించి తాతల జ్ఞాపకాలు లేవు. 1941లో వాళ్ళ తాతలు వేరే ఊళ్ళో ఉన్నారు. వాళ్ళని ఈ విషయంలో దోషులుగా చూడటం అన్యాయం. సినగాగు వాళ్ళకి కూడా నాకులాగే, బయటినుంచి వచ్చి నేర్చుకోవలసిన విషయం.

అందుకే దోసకాయల పండగ నాకు ఇష్టం. జూలైలో జరుగుతుంది. ఈ ప్రాంతమంతా దోసకాయలకి పేరు. సోయకూర, వెల్లుల్లి, ముల్లంగి జాతి ఆకులు వేసి ఉప్పునీళ్ళలో ఊరబెడతారు, తేనె ముంచుకుని పచ్చివి కూడా తింటారు. అందులో ఎవరి జ్ఞాపకాన్నీ ఎవరూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. సంతలో అమ్మే పెద్దమ్మలు రుచి చూడమని చేతిలో పెడతారు, మనం ఎక్కణ్ణుంచి వచ్చామో అడుగుతారు, ఇండియా అంటే అక్కడ దోసకాయలు ఉంటాయా అంటారు.

ఈ మధ్య బంధువులెవరైనా వస్తే నేను దారి మార్చాను. ముందు దౌక్ష్యై, తర్వాత పాత సంత, ఆ తర్వాతే చర్చీ మినార్‌లూ. ముందు గొయ్యి చూసినవాళ్ళు సినగాగు దగ్గర ఎక్కువసేపు నిలబడుతున్నారు, ప్రశ్నలు అడుగుతున్నారు. మా ఆవిడ మాత్రం ఆ వరుస తిప్పమంటుంది. భోజనం అయ్యాక చివర్లో తీసుకెళ్ళు, పొద్దున్నే వద్దు అంటుంది. చివర్లో అంటే అందరూ అలిసిపోయి, ఇంకోసారి చూద్దాంలే అంటారని నా వాదన. వచ్చే నెల మా అత్తగారు వాళ్ళు వస్తున్నారు. ఏ వరుసలో తిప్పాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.